కొత్తగా లారీ ఎక్కినవాడికి పని నేర్పేది ఎవరు?

కనిగిరి_కొత్తడ్రైవరు
మాది కనిగిరి పక్కన పల్లె, నాకు ఇరవై నాలుగేళ్ళు. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండాక హెవీకి ఎల్ఎల్ఆర్ తీసుకున్నాను. మూడు నెలల కిందట లైసెన్సు చేతికి వచ్చింది. పోయిన వారం పది టైర్ల బండి మీద నా మొదటి ట్రిప్పు. కృష్ణపట్నం పోర్టులో బొగ్గు ఎత్తుకుని ఆత్మకూరు, బద్వేలు మీదుగా ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళాము. నాతో వచ్చిన పెద్ద డ్రైవరు రెండు రోజుల్లో పది మాటలు కూడా మాట్లాడలేదు. ఏదైనా అడిగితే "చూసి నేర్చుకో" అనేవారు, ఏది చూడాలో మాత్రం చెప్పేవారు కాదు.

ఫ్యాక్టరీలో బండిని వెనక్కి పెట్టేటప్పుడు అద్దంలో నాకు అంచనా అందక మూడుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పాను. అక్కడున్న ఇరవై మంది ముందు ఆయన "నీకు లైసెన్సు ఇచ్చినవాడిని అనాలి" అని కేకలేసి, నన్ను దింపి తానే పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో వెనక జత టైర్లలో లోపలి టైరుకు గాలి పోయిన సంగతి నేను గమనించలేదు. అది నలిగి పనికిరాకుండా పోయింది. ఆ టైరు డబ్బు నా జీతంలో కోస్తామని ఆఫీసులో అన్నారు. కొత్తవారందరికీ ఇలాగే ఉంటుందా, లేక ఈ పని నాకే చేతకాదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. బెంగళూరులో మా మేనమామ కొట్లో పాత పని ఇంకా ఉంది. వెళ్ళిపొమ్మంటారా?

పాత_నంబరుప్లేటు
వెళ్ళిపోవద్దు. అలాగని ఆ పెద్దాయనను చెడ్డవాడిని కూడా చేయవద్దు. నేను 1994లో క్లీనరుగా బండెక్కాను, ఆరేళ్ళ తరువాత గానీ స్టీరింగు చేతికి రాలేదు. ఆ ఆరేళ్ళూ బండి కడిగాను, పట్టా కప్పి తాళ్ళు బిగించాను, కమాను కట్టల కింద పడుకుని గ్రీజు కొట్టాను, సందుల్లో ముందు నడిచి "రైట్ రైట్" అని అరిచాను. మా గురువుగారు నన్ను తిట్టని రోజు లేదు, నాకు అన్నం పెట్టకుండా తాను తిన్న రోజూ లేదు. తిట్లు పడ్డ తప్పు నేను మళ్ళీ చేయలేదు. మీరు నేరుగా స్టీరింగు దగ్గరకు వచ్చారు. ఆరేళ్ళలో ఒంటబట్టే పనిని రెండు రోజుల్లో చెప్పమంటే ఆయన ఎక్కడ మొదలుపెడతారు? మాటపడటానికి సిద్ధపడి మళ్ళీ ఆయనతోనే వెళ్ళండి.

ఆటోనగర్_పానా
టైరు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది ఎవరైనా ఐదు నిమిషాల్లో నేర్పగలిగిన పని. బండి ఆగిన ప్రతిచోటా రాడ్డు తీసుకుని చుట్టూ తిరగాలి, ప్రతి టైరునూ కొట్టాలి. గాలి నిండుగా ఉన్న టైరు రాడ్డును ఎగరగొడుతుంది, శబ్దం గట్టిగా మోగుతుంది. గాలి తగ్గినదాని మీద దెబ్బ దబ్బుమని అణిగిపోతుంది, చేతికి ఎదురు రాదు. బయటి టైరు బరువు మోస్తూ ఉంటుంది కాబట్టి లోపలిది ఖాళీ అయినా కంటికి కనిపించదు. అందుకే లోపలి టైరుకు రాడ్డు తప్పనిసరిగా తగలాలి. జత టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే అక్కడే తీసేయాలి, లేకపోతే అది రెండు టైర్ల పక్కలనూ కోస్తుంది. టైరు మార్చిన తరువాత యాభై, వంద కిలోమీటర్లు వెళ్ళాక ఆగి నట్లు మళ్ళీ బిగించాలి. ఇది చెప్పకుండా మీ చేతికి బండి ఇచ్చినవారిదే పెద్ద తప్పు.

క్లీనర్_కొడుకు
పాత_నంబరుప్లేటు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక విషయంలో ఆయనతో విభేదిస్తున్నాను. మా నాన్న కూడా తిట్లతోనే నేర్చుకున్నారు, నాకూ తిట్లతోనే నేర్పారు. దానివల్ల నాకు వచ్చిన మొదటి విద్య తప్పు దాచడం. బండెక్కిన తొలి ఏడాది ఒకరోజు ఉదయం బ్రేకులకు అందే గాలిని చూపే గేజీలో ముల్లు రోజూ కంటే నెమ్మదిగా లేస్తోందని నేను గమనించాను. చెబితే "నువ్వేం చేశావురా" అంటారని నోరు మూసుకున్నాను. సింగరాయకొండ దాటాక బ్రేకులో బలం తగ్గి, ముందు వెళుతున్న ట్రాక్టరు వెనక వంద గజాల దూరంలో ఆగగలిగాము. గొట్టం చీలి గాలి కారుతోందని అప్పుడు తెలిసింది. నాన్న ఆ రోజు నన్ను తిట్టలేదు, రోడ్డు పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఆయన ఏ కొత్తవాడినీ నలుగురిలో ఒక్క మాట అనలేదు. ఏదైనా అనవలసి వస్తే క్యాబిన్ తలుపు వేశాకే అనేవారు.

రెండుబండ్ల_ఓనరు
ఓనర్ల వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కాబట్టి రాస్తున్నాను. క్లీనరు ఉద్యోగం మాయమవడానికి కారణం మేమే. బాడుగలు పెరగకపోవడం, డీజిల్ పెరగడం వల్ల ముందుగా కత్తెర పడింది క్లీనరు బత్తా మీదే. అప్పుడు ఖర్చు మిగిలిందనుకున్నాము, కానీ ఆ బత్తాతో పాటు డ్రైవర్ల బడిని కూడా మూసేశామని ఇప్పుడు అర్థమవుతోంది. నా రెండు బండ్లకు మనిషి దొరకక పోయిన సంక్రాంతికి ఒక బండి పదకొండు రోజులు ఇంటి ముందే నిలబడింది.

ఆ తరువాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కొత్తవాడు వస్తే మొదటి మూడు ట్రిప్పులు పెద్ద డ్రైవరు పక్కన ఉంటారు, ఆ మూడింటికీ ఆయనకు ట్రిప్పుకు వెయ్యి రూపాయలు అదనంగా ఇస్తాను. మైలేజీ లెక్క ఆ మూడు ట్రిప్పులకూ ఇద్దరినీ అడగను, ఎందుకంటే కొత్త చేతిలో బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇవ్వదని నాకు తెలుసు. మొదటి ట్రిప్పులో పోయిన టైరు డబ్బును కొత్తవాడి జీతంలో కోయడం న్యాయం కాదని ఓనరుగానే చెబుతున్నాను. తమ్ముడూ, ఆఫీసుకు వెళ్ళి "నాకు టైరు చూడటం ఎవరూ నేర్పలేదు" అని నిలబడి అడగండి.

ఉలవపాడు_తోట
నేర్పినందుకు డబ్బు ఇవ్వడం నాకు నచ్చలేదు. మా రోజుల్లో విద్యకు వెల కట్టలేదు.

క్లీనర్_కొడుకు
ఉలవపాడు_తోట గారూ, మీ రోజుల్లో నేర్చుకునేవాడు ఆరేళ్ళు ఊడిగం చేసి ఆ వెల కట్టాడు. ఇప్పుడు ఓనరు కడుతున్నారు. పక్కన కూర్చున్న పెద్దాయన మూడు ట్రిప్పులు నిద్ర మానుకుని కొత్తవాడి చేతులు చూస్తూ ఉండాలంటే ఆ కష్టానికి లెక్క ఉండాలి కదా.

చీమకుర్తి_ట్రైలరు
నేను పంతొమ్మిదేళ్ళుగా గ్రానైట్ బ్లాకులు తోలుతున్నాను. ఇప్పటికి తొమ్మిది మంది కుర్రవాళ్ళు నా పక్కన కూర్చుని నేర్చుకున్నారు, వారిలో ఏడుగురు ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. నేను ఎలా నేర్పుతానో రాస్తాను, పనికొస్తే తీసుకోండి.

మొదటి రోజు స్టీరింగు ఇవ్వను. క్వారీలో క్రేను బ్లాకును దించి పక్కకు తప్పుకున్నాక, ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని బండి చుట్టూ మూడుసార్లు తిరుగుతాను. ఇరవై టన్నులు దాటిన రాయి మన వీపు వెనక కూర్చుని ఉంటుంది. దాని కింద చెక్క దిమ్మలు ఎక్కడ పెట్టారు, గొలుసు ఏ మూల మీద వంగింది, బరువు ఇరుసుల మీద సమంగా పడిందా అన్నది తన చేత్తో తాకి చెప్పమంటాను. బ్రేకు వేసినప్పుడు బండి ఆగుతుంది గానీ, కట్టు సరిగా లేకపోతే రాయి ఆగదు. ఈ ఒక్క మాట వాడికి ఎక్కేదాకా బయలుదేరను.

రెండో రోజు స్టీరింగు ఇచ్చి ఎడమ వైపు కూర్చుంటాను, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంటాను. మన చేయి గాల్లో లేస్తే చాలు, వాడి కాలు వణికిపోతుంది. టంగుటూరు టోల్ గేటు దాటాక "ఇప్పుడు మన వెనక ఏ బండి ఉంది" అని అడుగుతాను. మొదట చెప్పలేడు. ఉలవపాడు వచ్చేసరికి నేను అడగకముందే చెప్పడం మొదలుపెడతాడు.

వెనక్కి పెట్టడం మాత్రం ఫ్యాక్టరీలో నేర్పకూడదు, అక్కడ వెనక బండ్లు హారన్లు కొడుతూ ఉంటాయి. ఖాళీ స్థలంలో రెండు ఆయిల్ డబ్బాలు నిలబెట్టి, వాటి మధ్యకు బండిని నెమ్మదిగా తీసుకురమ్మంటాను. డబ్బా పడిపోతే దిగి నిలబెట్టి మళ్ళీ మొదలుపెడతాడు. ఒక సాయంత్రంలో పాతికసార్లు పడిపోయిన రోజులు ఉన్నాయి. అసలు చోటికి వచ్చినప్పుడు ముందు దిగి ఆ చోటు నడిచి చూడాలి, గుంట ఉందా, పైన కరెంటు తీగ ఉందా, పిల్లలు ఆడుకుంటున్నారా అని. దిగి చూడటం నామోషీ కాదు. నేను ఇప్పటికీ దిగుతాను.

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్ళే ఘాట్‌లో దిగువమెట్ట దాటాక కొత్తవారికి నేను చెప్పే మాట, ఎక్కిన గేరులోనే దిగాలని. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలమని ఎవరైనా చెబితే ఆ మనిషి పక్కన కూర్చోవద్దు. బండి బరువంతా బ్రేకుల మీద పడి వాటి డ్రమ్ములు వేడెక్కుతాయి. కాలిన వాసన ముక్కుకు తగిలే సరికి బ్రేకు సగం పోయి ఉంటుంది.

కనిగిరి_కొత్తడ్రైవరు
చీమకుర్తి_ట్రైలరు గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆయిల్ డబ్బాల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. డ్రైవింగ్ స్కూలులో నేను హెవీ బండి తోలింది మొత్తం కలిపి ఆరు గంటలు కూడా ఉండదు, అది కూడా ఖాళీ బండి. లోడు బండి బ్రేకు ఎంత దూరంలో ఆగుతుందో నాకు మొదటిసారి తెలిసింది హైవే మీదే.

డ్రైవరింటి_ఆమె
మా ఆయన కోవూరు నుంచి చెన్నై వైపు బియ్యం తోలుతారు. ఏటా ఒకరిద్దరు కొత్త పిల్లలు ఆయన వెంట వెళుతూ ఉంటారు. బయలుదేరే ముందు నేను ఆ అబ్బాయి వాళ్ళ అమ్మ నంబరు రాసుకుంటాను, నా నంబరు ఆవిడకు ఇస్తాను. బండి నడుస్తున్నప్పుడు ఫోను చేయవద్దని, ఆగినప్పుడు వాడే చేస్తాడని ఆవిడకు ముందే చెబుతాను. మొదటి ట్రిప్పులో ఇంటి నుంచి పదిసార్లు ఫోను వస్తే ఆ పిల్లవాడి మనసు రోడ్డు మీద నిలవదు, అమ్మకు జవాబు చెప్పకుండా ఉండనూ లేడు. ఇద్దరికీ మధ్యలో ఒకరు ఉండాలి, ఆ పని నేను చేస్తున్నాను.

మరొక మాట. రాత్రి రెండు నుంచి ఐదు మధ్యలో నిద్ర వస్తోందని చెప్పడానికి కొత్తవాళ్ళు సిగ్గుపడతారు. 1961 నుంచి 2025 దాకా ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకు ఎనిమిది గంటలనీ, ఐదు గంటలు తోలితే అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ రాశారు. లారీల్లో దాన్ని పాటించినవారిని నేను చూడలేదు. కనీసం పక్కనున్న పెద్దవారైనా "నిద్ర వస్తే చెప్పు, పక్కకు ఆపుదాం" అని ముందే అంటే వాడు నోరు తెరుస్తాడు. మా ఆయన అంటారు. అందుకే నేను ఆ రాత్రుళ్ళు పడుకోగలుగుతున్నాను.

పాత_నంబరుప్లేటు
అమ్మా, మీరు రాసినది చదివాక మా ఇంట్లో ఆవిడ ఇన్నేళ్ళూ ఎలా పడుకుందో అడగాలనిపించింది. అడిగాను. జవాబు ఇక్కడ రాయలేను.

గూడూరు_రొయ్యలబండి
నాకు ముప్ఫై ఏళ్ళు, ఐదేళ్ళుగా ఐసు బండి తోలుతున్నాను. అందరూ పెద్దవారు చిన్నవారికి నేర్పడం గురించే రాస్తున్నారు, ఎదురు దిక్కున జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2020 ఏప్రిల్ తరువాత కొత్త పొగ నిబంధనలతో వచ్చిన బీఎస్6 బండ్లలో డీజిల్ ట్యాంకు పక్కన, పొగను శుభ్రం చేసే డెఫ్ అనే ద్రవం పోసే ట్యాంకు ఉంటుంది, మనవాళ్ళు యూరియా అంటారు. అది అయిపోతూ ఉంటే ముందు లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే ఇంజను లాగడం తగ్గిపోతుంది. నాకు పని నేర్పిన పెద్దాయనకు కొత్త బండి ఇచ్చినప్పుడు ఆ లైటు చూసి ఇంజను పాడైందనుకుని నాయుడుపేట దగ్గర రాత్రంతా ఆగిపోయారు. పొద్దున్నే నాకు ఫోను చేస్తే, డబ్బా కొనిపించి పోయించాను. ఆ తరువాత ఒక పూట ఆయన పక్కన కూర్చుని మీటరు బోర్డులో ప్రతి గుర్తుకూ అర్థం చెప్పాను. ఆయన నోటుపుస్తకంలో ఒక్కొక్క గుర్తునూ బొమ్మ గీసుకుని పక్కన తెలుగులో రాసుకున్నారు. కనిగిరి తమ్ముడూ, మీతో వచ్చిన పెద్దాయనకు కూడా మీరు చెప్పగలిగినది ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

కనిగిరి_కొత్తడ్రైవరు
నన్ను భయపెడుతున్న ఇంకొక విషయం అడుగుతాను. ప్రమాదం జరిగితే డ్రైవరుకు పదేళ్ళ జైలు అని మా ఊళ్ళో అందరూ అంటున్నారు. మా అమ్మ ఆ మాట విన్నప్పటి నుంచి నన్ను బండెక్కవద్దంటోంది.

కాగితాల_సంచి
నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కాగితాలు చూసే పని చేస్తాను కాబట్టి ఇది సరిగా చెప్పాలి. పదేళ్ళ మాట భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో ఉపవిభాగంలో ఉంది. అది కూడా ఒకరి ప్రాణం పోయాక పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ చెప్పకుండా పారిపోయినవారికి. 2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపింది దీని మీదే. ఆ చట్టం 2024 జూలై 1న అమలులోకి వచ్చినప్పుడు ఈ ఉపవిభాగాన్ని మాత్రం అమలు చేయకుండా పక్కన పెట్టారు.

దానికంటే ముందు నుంచీ మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షన్ ఉంది, కొత్తవారికి మొదటి రోజే చెప్పవలసినది అదే. దెబ్బ తగిలినవారికి వైద్యం అందేలా చూడాలి. జనం మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే అక్కడ నిలబడమని ఆ చట్టం కూడా బలవంతపెట్టదు, కానీ వీలైనంత తొందరగా, 24 గంటల లోపల దగ్గరి పోలీసు స్టేషనులో చెప్పాలి. 108కి ఫోను చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా చేయండి. అమ్మగారికి ఈ మాటలు చదివి వినిపించండి.

కాగితాల సంగతి కూడా చెబుతాను. ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ ఎప్పటికి అయిపోతాయో బయలుదేరే ముందు మీరే చూసుకోండి, ఓనరు చూశారులే అనుకోవద్దు. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈవే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఉంటుంది. బండి చెడిపోయి ఆలస్యమైతే గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ముగిసిన ఎనిమిది గంటల దాకా పొడిగించుకోవచ్చు, అందుకని ఆగిన వెంటనే సరుకు పంపిన పార్టీకి ఫోను చేయాలి. కాటా చీటీలో బరువు ఎక్కువ వస్తే గేటు దాటవద్దు. అధిక లోడుకు చట్టంలో రాసిన జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి టన్నుకూ 2,000. "ఈసారికి పోనివ్వు" అన్నవారు ఆ డబ్బు కట్టరు. కొత్తవాడు వద్దనలేడని తెలిసే వాడి బండి మీద ఎక్కువ పోస్తారు, ఇది నేను కళ్ళారా చూస్తున్నాను.

పాత_నంబరుప్లేటు
నా మొదటి పోస్టులో ఒక మాట సరిదిద్దుకోవాలి. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, హైవే కూడా దెబ్బతిన్నప్పుడు నేను కావలి వైపు బండ్ల వరసలో చిక్కుకున్నాను. నా వెనక బండిలో మొదటి ట్రిప్పు కుర్రవాడు ఒక్కడే ఉన్నాడు, చేతిలో డబ్బు లేదు, ఓనరు ఫోను ఎత్తడం లేదు. వాడికి స్టవ్ మీద అన్నం వండిపెట్టాను. మబ్బు తెరిపి ఇచ్చినప్పుడు సరుకు తడవకుండా పట్టా అంచు ఎలా మడవాలో, తాడును కొక్కేనికి రెండు చుట్లు వేసి మోకాలు ఆనించి ఎలా లాగాలో చూపించాను. అప్పుడు నేను వాడిని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు, అయినా వాడికి పని వచ్చింది. ఇప్పటికీ పండగకు ఫోను చేస్తాడు. ఇదంతా క్లీనర్_కొడుకు రాసినది చదివాక గుర్తుకు వచ్చింది. ఆయన మాటే సరైనది.

ఉలవపాడు_తోట
డబ్బు విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ నలుగురి ముందు అనకూడదన్నది ఒప్పుకుంటాను.

కనిగిరి_కొత్తడ్రైవరు
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. ముందు ఆఫీసుకు వెళ్ళి రెండుబండ్ల_ఓనరు గారు చెప్పినట్టే అడిగాను. టైరు డబ్బులో సగం వదిలేశారు. అక్కడే ఆ పెద్ద డ్రైవరు కనిపిస్తే టీ తాగుదామని నేనే పిలిచాను. లైసెన్సున్న డ్రైవరు వస్తున్నాడని మాత్రమే ఆఫీసువారు ఆయనకు చెప్పారట, ఇదే నా మొదటి ట్రిప్పు అని చెప్పలేదట. "చేతకానివాడిని అంటగట్టారని ఒళ్ళు మండింది, ముందే తెలిస్తే స్టీరింగు ఇచ్చేవాడినే కాదు" అన్నారు. నేను కూడా భయంతో ఆ మాట ఆయనకు చెప్పలేదు.

మళ్ళీ ఆయనతోనే వెళ్ళాను. ఈసారి బద్వేలులో ఆగినప్పుడు నేను రాడ్డు తీసుకుని దిగాను, ఆయన టార్చి పట్టుకుని వెనక నడిచారు. ఎడమ వైపు వెనక జత మధ్యలో కోడిగుడ్డంత కంకరరాయి ఇరుక్కుని ఉంది. ఇద్దరం కలిసి పావుగంట కష్టపడితే వచ్చింది. ఆ రాయి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను. ఫ్యాక్టరీలో ఆయన కిందికి దిగి వెనక నిలబడి చేయి చూపిస్తే రెండోసారికే పెట్టగలిగాను.

తాడు కట్టడం మాత్రం ఇంకా రాలేదు. బొగ్గు మీద నేను కప్పిన పట్టా పొదలకూరు రోడ్డు దాటకముందే ఒక మూల లేచిపోయింది.

ఆటోనగర్_పానా
వచ్చే ఆదివారం మా షెడ్డుకు సెలవు. నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డు ముందు పది టైర్ల బండి ఒకటి ఇంజను పనికి వచ్చి ఉంది, ఆ రోజంతా కదలదు. ఉదయం ఏడింటికి వచ్చినవారికి టైర్లు, నట్లు, గాలి గొట్టాలు నేను చూపిస్తాను. పట్టా కట్టడం చూపించడానికి ఎవరైనా పెద్దవారు కావాలి.

పాత_నంబరుప్లేటు
పట్టా, తాళ్ళు నేను తెస్తాను. ఏడింటికి కాదు, ఆరింటికి మొదలుపెడదాం, ఎండ ఎక్కితే పట్టా మీద కాలు పెట్టలేరు.

గూడూరు_రొయ్యలబండి
నేను కూడా వస్తున్నాను. ఐసు బండికి పట్టా ఉండదు కాబట్టి ఆ పని నాకూ రాదు.

డ్రైవరింటి_ఆమె
ఎంతమంది వస్తున్నారో శనివారం సాయంత్రం లోపల ఇక్కడ రాయండి. కోవూరు నుంచి ఇడ్లీలు మా ఆయన చేత పంపిస్తాను.